తెలుగు పరిశోధనలో విషయ నిర్ణయం, శీర్షికా నిర్మాణం: కృష్ణా డెల్టా ఆధారాలతో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

శీర్షం అంటే తల. రచనకు తల వంటిది కనుక శీర్షిక అయింది. అయితే తెలుగు తాళపత్ర ప్రతులలో కృతి పేరు తలభాగాన కాక ఎక్కువగా ఆశ్వాసాంత గద్యలో కనిపిస్తుంది. కవి తన వంశం, తన పేరు, కృతి పేరు, ముగిసిన ఆశ్వాసం ఎన్నవదో అక్కడ చెప్పుకొనేవాడు. చదవడం పూర్తయ్యాక పేరు తెలిసేదన్నమాట. ముద్రణ వచ్చిన తరువాత ఆ పేరు ముఖపత్రం మీదికి చేరింది. విశ్వవిద్యాలయ పరిశోధన వచ్చిన తరువాత మరింత ముందుకు జరిగింది. నేటి పరిశోధక విద్యార్థి ఒక్క పుట కూడా రాయకముందే శీర్షికను నమోదు చేయించాలి. తరువాత మార్చుకోవాలంటే పర్యవేక్షకుని సమ్మతి, సంఘం అనుమతి కావాలి. తెలియని దానికి ముందుగా పేరు పెట్టవలసి రావడమే ఇందులోని చిక్కు.

ఈ చిక్కును తెలుగు సాహిత్యాధ్యయనం ఏయే దశలలో ఎలా పరిష్కరించుకున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణలు ప్రధానంగా విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతాలకు, అక్కడి పండితులకు సంబంధించినవి. విశ్వవిద్యాలయ సిద్ధాంతగ్రంథాల ప్రస్తావనలో మాత్రం ఈ ఎల్ల దాటక తప్పలేదు. శీర్షిక పరిశోధనకు అలంకారం కాదనీ, విషయ పరిధిని, ప్రశ్నను, ఆధారాలను ఒకేసారి నిర్ణయించే ప్రతిజ్ఞ అనీ ఇక్కడి ప్రతిపాదన.

జీవితం, చరిత్ర, విచారం

ఆధునిక తెలుగు సాహిత్యాధ్యయనం కవులతో మొదలైంది. గురజాడ శ్రీరామమూర్తి తన గ్రంథానికి ‘కవి జీవితములు’ అని పేరు పెట్టారు. కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్రము’ అన్నారు. రెండింటికీ వస్తువు కవులే. ‘జీవితము’ అన్నప్పుడు వ్యక్తి గురించి లోకంలో ప్రచారంలో ఉన్న కథలకు కూడా చోటు దొరుకుతుంది. ‘చరిత్రము’ అన్నప్పుడు కాలనిర్ణయం, ఆధారం, పౌర్వాపర్యం అనే బాధ్యతలు వచ్చి చేరతాయి. చరిత్ర శబ్దానికి తెలుగులో కథ అనే అర్థం కూడా ఉన్నందున వీరేశలింగం గ్రంథంలో రెండు అర్థాలూ కలిసి నడిచాయి. అయినా శీర్షికలోని ఒక్క మాట మారడంతో పాఠకుడు అడిగే ప్రశ్న మారింది.

మూడవ మాట ‘విచారము’. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ 1914లో వెలువడింది. పింగళి సూరన కళాపూర్ణోదయ, ప్రభావతీప్రద్యుమ్నాల విమర్శనమే అందులోని వస్తువు. ఒక కవి రెండు కావ్యాలను ఆధారంగా తీసుకొని కవిత్వ తత్త్వమనే పెద్ద ప్రశ్నను ఎత్తుకోవడం ఈ గ్రంథపు పద్ధతి. శీర్షిక ప్రశ్నను చెప్పింది, వివరణ పరిధిని చెప్పింది. పరిధి చిన్నదైనా ప్రశ్న పెద్దది కావచ్చునని ఇది చూపింది. ఈ రచయితే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడు. ఆ విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలోనే ప్రారంభమై, తరువాత వాల్తేరుకు తరలింది.

పరిధి విషయంలో మరొక పాఠం కొమర్రాజు లక్ష్మణరావు జీవితం నుంచి లభిస్తుంది. కృష్ణా మండలం పెనుగంచిప్రోలులో పుట్టి, 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపకులలో ఒకరైన ఆయన ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ తలపెట్టారు. ‘సర్వస్వము’ అన్న మాటలో మినహాయింపు లేదు. 1923లో ఆయన మరణించేనాటికి అది తొలి అక్షరాల సంపుటాల వద్దే ఆగి ఉంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు దానిని పునరుద్ధరించినా సంపూర్తి కాలేదు. విజ్ఞాన సర్వస్వానికి ఆ సాహసం భూషణమే. అయితే అది సంస్థ చేయవలసిన పని. నాలుగైదేళ్ళ గడువు, ఒంటరి శ్రమ మాత్రమే ఉన్న విద్యార్థి శీర్షికలో సర్వస్వాన్ని ప్రతిజ్ఞ చేయడం వేరు విషయం.

కృష్ణాతీర పండితుల శీర్షికలు

విశ్వవిద్యాలయ పట్టాలతో నిమిత్తం లేకుండా పరిశోధన చేసిన తరం ఒకటి ఈ ప్రాంతంలో ఉంది. పెదకళ్ళేపల్లిలో 1888లో జన్మించిన వేటూరి ప్రభాకరశాస్త్రి వారిలో ప్రముఖులు. ఆయన ‘శృంగార శ్రీనాథము’ కవి పేరుకు ముందు ఒక విశేషణాన్ని చేర్చింది. శ్రీనాథుని గురించిన గ్రంథం అనడం వస్తువును మాత్రమే చెప్పడం. శృంగార శ్రీనాథుడు అనడం కవిని ఏ కోణం నుంచి చూడబోతున్నారో ముందుగా చెప్పడం. ఆయన సంకలనం ‘చాటుపద్యమణిమంజరి’ పేరులో సేకరణ, ఎంపిక రెండూ ధ్వనిస్తాయి. మంజరి అంటే పూగుత్తి. దొరికిన వన్నీ కాదు, ఏరి కూర్చినవి.

నందమూరులో పుట్టి, విజయవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో 1938 నుంచి సుమారు రెండు దశాబ్దాలు అధ్యాపకత్వం చేసిన విశ్వనాథ సత్యనారాయణ విమర్శ గ్రంథాల పేర్లు ఈ సందర్భంలో ప్రత్యేకంగా పరిశీలించదగినవి. ‘నన్నయగారి ప్రసన్నకథాకలితార్థయుక్తి’, ‘అల్లసానివారి అల్లిక జిగిబిగి’, ‘ఒకడు నాచన సోమన’, ‘శాకుంతలము యొక్క అభిజ్ఞానత’. వీటిలో దేనిలోనూ ‘పరిశీలన’ అనే మాట లేదు. మొదటిది నన్నయ తన కవితా గుణాలను చెప్పుకొన్న పద్యంలోని సమాసం. దానికి అర్థమేమిటి, ఆ అర్థం భారతంలో ఎక్కడ నిరూపితమవుతుంది అనేదే పుస్తకం. రెండవది లోకోక్తిగా స్థిరపడిన ప్రశంస. అందరూ అనే ఆ మాటకు ఆధారం ఏమిటని విమర్శకుడు తరచి చూస్తున్నాడు. మూడవది తీర్పు. నాలుగవది నాటకం పేరులోని ఒక పదాన్ని సమస్యగా నిలబెట్టడం.

ఈ నాలుగింటికీ సమానమైన గుణం ఒకటుంది. శీర్షిక చదివిన వెంటనే ఎలా, ఎందుకు అనే ప్రశ్న పాఠకునిలో పుడుతుంది. ఆ ప్రశ్నకు సమాధానం గ్రంథంలో వెతకవచ్చు, దొరకకపోతే రచయితను నిలదీయవచ్చు. ఖండించడానికి వీలైన శీర్షిక ఇది. పరిశోధన శాస్త్రీయం కావడానికి మొదటి షరతు కూడా అదే. విశ్వనాథ రచనలు నేటి అర్థంలో పరిశోధన వ్యాసాలు కావు. వాటిలో ఆధారాల సూచిక కంటే ఆచార్యుని గొంతు బలంగా వినిపిస్తుంది. కాని శీర్షికలో ప్రతిపాదనను నిలిపే విద్య మాత్రం విద్యార్థి వారి నుంచి నేర్వవలసిందే.

విశ్వవిద్యాలయ పరిశోధన: ఎల్లల నిర్ణయం

స్వాతంత్ర్యానంతరం తెలుగు శాఖలలో డాక్టరేటు పరిశోధన విస్తరించినప్పుడు శీర్షికకు కొత్త పని వచ్చింది. ఇతరులు చేసిన పనికీ తన పనికీ మధ్య గట్టు వేయడం ఆ పని. తొలితరం సిద్ధాంతగ్రంథాల పేర్లలో ఈ గట్టు స్పష్టంగా కనిపిస్తుంది.

బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన. 1958లో గ్రంథమైంది. జానపద విజ్ఞానం మొత్తం కాక, అందులో సాహిత్యం, ఆ సాహిత్యంలో గేయం మాత్రమే ఆయన తీసుకున్నారు. తరువాత నాయని కృష్ణకుమారి ఆ గేయాలలోనూ కథాత్మకమైన వాటిని వేరుచేసి ‘తెలుగు జానపద గేయగాథలు’ రాశారు. మొదటి శీర్షిక గీసిన ఎల్ల లోపల రెండవ శీర్షికకు చోటు దొరికింది. పరిశోధన ఒక తరం నుంచి మరొక తరానికి అందడమంటే ఇదే.

ఎస్వీ జోగారావు ‘ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర’ ప్రక్రియ ఆధారంగా ఎల్ల గీసింది. తూమాటి దోణప్ప ‘ఆంధ్ర సంస్థానములు: సాహిత్య పోషణము’ కవిని వదిలి పోషకుణ్ణి కేంద్రంగా తీసుకొంది. కొత్తపల్లి వీరభద్రరావు ‘తెలుగు సాహిత్యముపై ఇంగ్లీషు ప్రభావము’ రెండు సాహిత్యాల సంబంధాన్ని వస్తువుగా చేసింది. సి. నారాయణరెడ్డి ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ రెండు భాగాల శీర్షిక. మొదటి భాగం క్షేత్రం, రెండవ భాగం ఆ క్షేత్రాన్ని దున్నే నాగలి. ఆధునికత సంప్రదాయాన్ని తెంచుకోలేదనీ, ప్రయోగం సంప్రదాయంతో కలిసి నడిచిందనీ ఆ రెండు మాటల జంటలోనే సూచన ఉంది.

దివాకర్ల వేంకటావధాని ‘ప్రాఙ్నన్నయ యుగము’ ఈ వరుసలో విశిష్టమైనది. నన్నయను ఆదికవిగా భావించే సంప్రదాయంలో ఆయనకు ముందు ఒక ‘యుగం’ ఉన్నదని శీర్షికే వాదిస్తున్నది. గ్రంథాలు దొరకని కాలానికి శాసనాలే సాక్ష్యం. ఆధార స్వభావాన్ని బట్టి పద్ధతి, పద్ధతిని బట్టి శీర్షిక నిర్ణయమయ్యాయి.

భాషాపరిశోధనలో దీనికి దీటైన ఉదాహరణ ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన ‘మాండలిక వృత్తిపదకోశం’. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయానికి, తరువాతి కాలంలో వచ్చిన మరొకటి చేనేతకు సంబంధించినవి. తెలుగు మాండలికాలను ఒక్కసారిగా పట్టుకోవడం అసాధ్యం. ఒక వృత్తిని తీసుకొంటే అడగవలసిన ప్రశ్నలు, కలవవలసిన మనుషులు, సేకరించవలసిన మాటలు నిశ్చితమవుతాయి.

‘సమగ్ర పరిశీలన’ అనే మూస

ఈ వారసత్వం తరువాతి దశాబ్దాలలో ఒక మూసగా గట్టిపడింది. ఒక రచయిత పేరు, ఒక అడ్డగీత, ఆపైన ‘సమగ్ర పరిశీలన’, ‘అనుశీలన’, ‘సమాలోచన’, ‘విశ్లేషణ’ అనే మాటలలో ఒకటి. సదస్సుల ఆహ్వానపత్రాలలోనూ, సిద్ధాంతగ్రంథాల జాబితాలలోనూ ఈ నిర్మాణం తరచుగా కనిపిస్తుంది. ఈ మాటలకు నిజానికి వేర్వేరు అర్థాలున్నాయి. పరిశీలన నిశితంగా చూడడం. విశ్లేషణ విడదీసి చూడడం. అనుశీలన మళ్ళీమళ్ళీ మననం చేయడం. తులనాత్మకం పోల్చి చూడడం. మూసలో పడిన తరువాత అవి ఒకదాని స్థానంలో మరొకటి వాడదగిన పర్యాయపదాలయ్యాయి. అడ్డగీత తరువాతి మాటను మార్చినా లోపలి అధ్యాయాలు మారకపోతే ఆ మాట అక్కడ ఉన్నా లేనట్టే.

‘సమగ్ర’ శబ్దం మరీ అరిగిపోయింది. ఆరుద్ర ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ అన్నప్పుడు ఆ మాటకు వెనుక సంపుటాల కొలదీ శ్రమ ఉంది. పది పుటల వ్యాసానికి అదే మాట తగిలిస్తే వ్యాసం పెరగదు, మాట తరుగుతుంది.

మూసకు విద్యార్థిని ఒక్కణ్ణే నిందించడం న్యాయం కాదు. దానికి వ్యవస్థాగతమైన కారణాలున్నాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016 నిబంధనలు సిద్ధాంతగ్రంథ సమర్పణకు ముందు రెండు సదస్సు పత్రాలను, గుర్తింపు గల పత్రికలో ఒక వ్యాసాన్ని తప్పనిసరి చేశాయి. 2022 నిబంధనలలో ఆ నిర్బంధం తొలగింది గాని అలవాటు తొలగలేదు. సదస్సు అంశం ముందుగా నిర్ణయమై ఉంటుంది. విద్యార్థి తన పరిశోధనను ఆ అంశానికి అతికించుకొంటాడు. విషయం నుంచి శీర్షిక పుట్టడానికి బదులు శీర్షికకు విషయాన్ని వెతకడం మొదలవుతుంది. ఒకే రచయిత మీద ఒకే మూసలో వ్యాసాలు పెరిగినప్పుడు వాక్యాలు కూడా ఒకదాన్నొకటి పోలడం సహజం. 2018 గ్రంథచౌర్య నివారణ నిబంధనలు పది శాతం దాటిన సామ్యాన్ని ప్రశ్నిస్తున్నాయి. కాని వాక్యాలు మార్చి రాసినంత మాత్రాన ప్రశ్న కొత్తది కాదు. ప్రశ్నలోని సామ్యాన్ని కొలిచే యంత్రం లేదు.

స్థలనామం వల్ల వచ్చే చిక్కు

ప్రాంతీయ సాహిత్యం తీసుకొనే విద్యార్థికి పరిధి సులువుగా తెగుతుందనిపిస్తుంది. ‘కృష్ణా జిల్లా కథకులు’ అనే ఊహాశీర్షికను చూద్దాం. కృష్ణా జిల్లా అంటే ఏది? 1904 వరకు గుంటూరు ప్రాంతం కృష్ణా జిల్లాలోనే ఉండేది. ఆ సంవత్సరం గుంటూరు వేరు జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్వ్యవస్థీకరణతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది. కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలో చేరాయి. మచిలీపట్నం కేంద్రంగా మిగిలినదే నేటి కృష్ణా జిల్లా. ఒకే శీర్షిక 1900లో, 1950లో, 2023లో మూడు వేర్వేరు భూభాగాలను సూచిస్తుంది. ఏ సంవత్సరపు జిల్లా అన్నది చెప్పకపోతే గ్రంథంలో ఎవరు ఉండాలో, ఎవరు ఉండకూడదో తేలదు.

‘కృష్ణా డెల్టా’ అన్నా సమస్య పూర్తిగా తీరదు. నదికి పడమటి వైపున తెనాలి, రేపల్లె ప్రాంతాలు కూడా డెల్టాలోనివే. కాని అది కాలువలు గీసిన ఎల్ల. బెజవాడ వద్ద 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఉభయ తీరాలలోని జీవనాన్ని ఒకే నీటితో ముడివేశాయి. సేద్యం, వలస, భూసంబంధాలు వస్తువైతే డెల్టా అనే మాట సార్థకం. జిల్లాపరిషత్తులో, జిల్లా గ్రంథాలయ సంస్థలో దొరికే పత్రాలు ఆధారమైతే జిల్లా అనే మాటే తగినది.

స్థలనామం కొన్నిచోట్ల తేల్చవలసిన విషయాన్ని ముందే తేల్చేస్తుంది. ‘మువ్వ క్షేత్రయ్య పదాలు’ అని శీర్షిక పెట్టామనుకొందాం. పదాలలోని మువ్వగోపాల ముద్ర ఆధారంగా కవిని కూచిపూడి సమీపంలోని మువ్వ గ్రామానికి చేర్చడం ఒక అనుమితి. అది సరైనదే కావచ్చు. కాని శీర్షికలో దానిని సిద్ధవిషయంగా ప్రకటించిన తరువాత లోపల నిరూపించడానికి ఏమీ మిగలదు. ‘మువ్వగోపాల ముద్ర: క్షేత్రయ్య స్థలనిర్ణయానికి అది చాలునా?’ అన్నప్పుడు మాత్రమే చర్చ మొదలవుతుంది.

బెజవాడ శాసనం: విషయాన్ని కుదించే విధానం

పైన చెప్పిన సూత్రాలను ఒకే ఉదాహరణలో పరీక్షించవచ్చు. యుద్ధమల్లుని బెజవాడ శాసనం నన్నయకు పూర్వపు తెలుగు పద్యశాసనాలలో ముఖ్యమైనది. పదవ శతాబ్ది నాటిదిగా ఎక్కువమంది భావించే ఈ శాసనంలో పద్యాలు మధ్యాక్కరలు. కార్తికేయుని గుడి, దాని మఠం అందులోని ప్రసక్తులు. జయంతి రామయ్య దీనిని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు.

విద్యార్థికి మొదట తోచే శీర్షిక ‘బెజవాడ శాసనం: సమగ్ర పరిశీలన’. లిపి, భాష, ఛందస్సు, మతం, రాజకీయ చరిత్ర అనే అయిదు శాస్త్రాల ప్రవేశం దీనికి కావాలి. ఒక వ్యాసంలో అయిదింటినీ తడిమితే ఏదీ తేలదు.

రెండవ ప్రయత్నంలో ఆకర్షణ ఎదురవుతుంది. మధ్యాక్కర నన్నయ భారతంలో కనిపించే దేశి ఛందస్సు. ఇరవయ్యవ శతాబ్దిలో విశ్వనాథ అదే ఛందస్సులో ‘విశ్వనాథ మధ్యాక్కరలు’ రచించి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. శాసనం ఉన్న ఊరే ఆయన పాఠం చెప్పిన ఊరు కూడా. ‘బెజవాడ శాసనం నుంచి విశ్వనాథ దాకా మధ్యాక్కర పరిణామం’ అనే పేరు చెవికి ఇంపుగా ఉంటుంది. కాని నడుమ వెయ్యేళ్ళున్నాయి. ‘పరిణామం’ అన్నాక ఆ నడుమ కవులు మధ్యాక్కరను ఎలా వాడారో, ఎందుకు వదిలారో చూపవలసిందే. రెండు కొనలు మాత్రమే చూపి పరిణామం అనడం కుదరదు. ఇది సిద్ధాంతగ్రంథానికి తగిన వస్తువు, వ్యాసానికి కాదు.

మూడవ ప్రయత్నం: ‘బెజవాడ శాసన మధ్యాక్కరలలో యతిస్థానం: నన్నయ ఆదిపర్వ మధ్యాక్కరలతో పోలిక’. ఈ శీర్షికలో ఆధారం ఏదో తెలుస్తుంది, లెక్కించదగిన లక్షణం ఉంది, పోలికకు ఎదుటి పక్షం ఉంది, పరిధి ఆదిపర్వంతో ఆగింది. ఫలితం ఏదైనా విలువైనదే. రెండూ ఒకటైతే నన్నయకు ముందే ఆ ఛందస్సుకు స్థిరమైన లక్షణం ఏర్పడిందని చెప్పవచ్చు. భిన్నమైతే లక్షణం ఇంకా రూపొందుతున్న దశను గుర్తించవచ్చు. సమాధానం ముందే తెలిసిన ప్రశ్న పరిశోధనకు తగదు. ఏ సమాధానం వచ్చినా ప్రయోజనం ఉన్న ప్రశ్నే తగినది.

ఆధారాల లభ్యత

విషయ నిర్ణయంలో చివరిదిగా చెబుతున్నా ఆచరణలో మొదట చూడవలసినది ఆధారం. ఈ విషయంలో డెల్టా ప్రాంతం అదృష్టవంతమైనది. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో జరిగిన గ్రంథాలయ ప్రతినిధుల సభ ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమానికి సంస్థారూపం ఇచ్చింది. అయ్యంకి వెంకటరమణయ్య కృషి అందుకు వెన్నెముక. 1902లో మచిలీపట్నంలో వెలసిన కృష్ణాపత్రికకు ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో మరణించేవరకు సంపాదకత్వం వహించారు. ‘కృష్ణాపత్రిక సాహిత్య విమర్శ, 1907–1945’ అనే శీర్షిక కాలానికి, వస్తువుకు స్పష్టమైన ఎల్లలున్న మంచి శీర్షిక. అయితే నమోదుకు ముందు ఏయే సంవత్సరాల సంచికలు ఏ గ్రంథాలయంలో ఉన్నాయో, చేయి తగిలితే పొడి అయ్యే స్థితిలో ఎన్ని ఉన్నాయో విద్యార్థి స్వయంగా చూసి రావాలి. పదేళ్ళ సంచికలే దొరికితే శీర్షికలోని సంవత్సరాలు మార్చుకోవడమే నిజాయితీ.

మౌఖిక ఆధారాల విషయంలో తొందర మరింత అవసరం. వరికోత యంత్రాలు వచ్చాక కుప్పవేత, నూర్పిడి పనులతో పాటు ఆ పనుల మాటలు కూడా వాడుకలోంచి తప్పుకొంటున్నాయి. కాలువ లస్కర్లు, నీటి వంతులు, బోదెలు, తూములు, లాకులు చుట్టూ అల్లుకొన్న పదజాలం ఇంకా వృద్ధ రైతుల నోట ఉంది. ‘కృష్ణా తూర్పు డెల్టాలో నీటి పంపక పదజాలం’ అనే చిన్న శీర్షికకు గ్రంథాలయం కంటే గట్టు మీది మనిషి ముఖ్యం. 1962 నాటి వ్యవసాయ పదకోశంతో పోల్చినప్పుడు అరవయ్యేళ్ళలో ఏ మాట నిలిచిందో, ఏది పోయిందో తేలుతుంది. ఒక రచయిత మీద మరొక ‘సమగ్ర పరిశీలన’ పదేళ్ళ తరువాతైనా రాయవచ్చు. ఈ పని పదేళ్ళ తరువాత చేయడానికి మనుషులు ఉండరు.

ముగింపు

తెలుగు పరిశోధన శీర్షికల చరిత్రలో నాలుగు దశలు కనిపిస్తున్నాయి. కవిని కేంద్రంగా చేసిన జీవిత, చరిత్ర దశ, ప్రశ్నను, ప్రతిపాదనను ముందు నిలిపిన విచార దశ, క్షేత్రానికి ఎల్లలు గీసిన విశ్వవిద్యాలయ దశ, ఆ ఎల్లల బాహ్యరూపాన్ని మాత్రమే అనుకరించిన మూస దశ. నేటి విద్యార్థి రెండవ దశ నుంచి ప్రశ్నను, మూడవ దశ నుంచి ఎల్లలను తీసుకోవడం అవసరం.

అందుకు శీర్షికను నమోదు చేసేముందు నాలుగు విషయాలు సరిచూసుకోవచ్చు. శీర్షికలోని ప్రతి మాటకు ఒక అధ్యాయమో ఒక విభాగమో సమాధానం చెబుతున్నదా? అందులోని స్థలం, కాలం ఏవో మరొకరు గుర్తించగలరా? నిరూపించవలసినదాన్ని అది ముందే ఒప్పుకొంటున్నదా? ఆధారాలు కళ్ళతో చూశామా? వీటికి తృప్తికరమైన సమాధానం వచ్చేవరకు అది తాత్కాలిక శీర్షికే. విశ్వవిద్యాలయ సంఘాలు కూడా పరిశోధన మధ్యలో శీర్షికను సవరించుకొనే అవకాశాన్ని ఉదారంగా ఇవ్వాలి. ప్రశ్న స్పష్టపడిన కొద్దీ పేరు మారడం లోపం కాదు. పూర్వకవి కృతి ముగిశాక గద్యలో పేరు చెప్పుకొన్నాడు. నేటి పరిశోధకుడు ముందుగా చెప్పక తప్పకపోయినా, చివరి పుట రాసిన తరువాత ఆ పేరును మరొకసారి చదివి సరిదిద్దుకొనే హక్కు అతనికి ఉండాలి.